అక్షరదోషాలు వాడు లెక్కపెట్టడు

ప్రశ్న: మేడమ్, మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఆదివారం ఒక్కరోజే ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారు. అదీ ఐదు నిమిషాలే, వెనకాల పిల్లలు లైన్లో ఉంటారు. వారం వారం టెస్టు మార్కులు మావారి ఫోన్‌కి మెసేజ్ వస్తాయి. మొన్న మార్కులు తగ్గాయని గట్టిగా అన్నాను. ‘ఇంత డబ్బు పోసి చదివిస్తుంటే ఇదా’ అని నోరు జారాను. ‘మార్కులు అడగడానికేనా నాతో మాట్లాడేది’ అని పెట్టేశాడు. అప్పట్నుంచి ‘ఆఁ, ఊఁ, బాగానే ఉన్నా’ తప్ప మాట లేదు. ఉత్తరం రాద్దామనుకుంటే నాది పదో తరగతి చదువు, అన్నీ తప్పులే. మా అన్నయ్య కొడుకు తప్పుల్లేకుండా టైపు చేసిస్తానంటున్నాడు. మావారేమో ఈ రోజుల్లో ఉత్తరాలేంటి, వాడి మనసు చెదురుతుంది అంటున్నారు. ఆయన పైకి అలా అంటారు గానీ, వాడి సైకిల్‌కి పదిరోజులకోసారి గాలి కొట్టి, తుడిచి పెడుతున్నారు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఏం రాయను?

జవాబు: రాయండమ్మా. టైపు మాత్రం వద్దు, మీ చేత్తోనే రాయండి. నాకు పంపిన ఉత్తరంలో ‘హాస్టల్’ అన్న మాటను మీరు మూడు రకాలుగా రాశారు. నాకు అర్థం కానిది ఒక్క ముక్క కూడా లేదు.

తప్పులొస్తాయన్న భయం మీ ఒక్కరిదే కాదు. అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమంది చేత తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరాలు రాయించారు. ఆ అధ్యయనం 2018లో అచ్చయింది. సరైన మాటలు పడ్డాయో లేదో, చదివేవాళ్లు ఇబ్బందిపడతారేమో అని రాసినవాళ్లు తెగ బెంగపడ్డారు. తీరా అందుకున్నవాళ్లను అడిగితే ఇబ్బంది ఊహించినదానికంటే తక్కువ, సంతోషం ఊహించినదానికంటే ఎక్కువ. రాసేవాళ్లు మాటల పొందిక చూసుకుంటుంటే, చదివేవాళ్లు అందులోని ఆప్యాయత చూసుకుంటున్నారని తేలింది.

పైగా మీవాడు మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే అయితే, ఇంటర్లో మార్కులొస్తాయని అందరిలాగే సంస్కృతం తీసుకుని ఉంటే, తెలుగు చదవడం వాడికే కష్టం. మీ తప్పులు పట్టుకునే స్థితిలో వాడుండడు. గొలుసుకట్టుగా కాకుండా అక్షరాలు విడివిడిగా, కాస్త పెద్దగా రాయండి. వాక్యాలు చిన్నవిగా ఉంచండి. కూడబలుక్కుని చదివినా చదువుతాడు, అమ్మ చేతిరాత కదా.

ఇక ఏం రాయాలన్నది. మీరు చింపేసిన నాలుగు కాగితాల్లో ఏముందో నేను చెప్పనా? బాగా చదువుకో, టైముకి తిను, ఆరోగ్యం జాగ్రత్త, మా ఆశలన్నీ నీ మీదే. ఇంచుమించు ఇంతేనా? ఇవన్నీ వాడు ఫోన్లో వింటూనే ఉన్నాడు. తెల్లారకుండా మొదలయ్యే స్టడీ అవర్లో వింటున్నాడు, రాత్రి పడుకునే ముందూ వింటున్నాడు. అవే మాటలు అమ్మ కాగితం మీద కూడా రాసి పంపితే దాన్ని మడిచి ట్రంకుపెట్టె అడుగున పడేస్తాడు. నేనైనా అదే చేస్తాను.

నేను గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మా నాన్న నెలనెలా మనియార్డరు పంపేవారు. ఆ ఫారం అడుగున ఒక చిన్న ముక్క ఉండేది. డబ్బు ఇచ్చాక పోస్ట్‌మ్యాన్ దాన్ని చించి మన చేతికిచ్చేవాడు. అందులో నాలుగు మాటలు రాసుకోవడానికి కాస్త చోటు. మా నాన్న మాటల మనిషి కాదు, ఎక్కువసార్లు ‘క్షేమం’ అని ఒక్కటే రాసేవారు. ఒక నెల మాత్రం ఇలా రాశారు: ‘మన ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లమచ్చ ఉంది. నువ్వొచ్చేదాకా పేరు పెట్టొద్దంది మీ అమ్మ.’ అంతే. అక్కడెక్కడో ఒక దూడ నాకోసం పేరు లేకుండా ఆగి ఉందని తల్చుకుంటూ ఆ వారమంతా గడిపేశాను. డబ్బులు దేనికి ఖర్చయ్యాయో గుర్తులేదు. ఆ ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది, సిరా వెలిసిపోయింది.

మీ దగ్గర అలాంటి సంగతి ఒకటి ఇప్పటికే ఉంది. నాకు రాసేటప్పుడు ఏదో మాటవరసకు అనేసి వదిలేశారు. సైకిల్ సంగతి! వాళ్ల నాన్న దానికి గాలి కొట్టి తుడిచి పెడుతున్నారని ఆ పిల్లాడికి తెలుసా? మీ ఉత్తరం అక్కడే మొదలుపెట్టండి. ‘నీ సైకిల్‌కి నాన్న నిన్న గాలి కొట్టారు. ఎవరు తొక్కుతారండీ అంటే పలకలేదు.’ దీనికి ‘నిన్నెంత ప్రేమిస్తున్నారో చూడు’ అని తోక తగిలించకండి. వాడికి పదహారేళ్లు, వాడే తెలుసుకుంటాడు. ఆ తర్వాత పెరట్లో ఏం కాసింది, వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారు, వాడికి నచ్చే కూర వండితే ఎంత మిగిలిపోయింది, ఇలాంటివి ఒక పేజీ చాలు. మార్కుల ఊసు ఒక్కచోట కూడా రానివ్వకండి. ‘చిరంజీవికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది’ అంటూ పెద్దవాళ్లలా మొదలుపెట్టక్కర్లేదు. ఇంట్లో ఏమని పిలుస్తారో అదే రాయండి.

ఫోన్లో అన్నమాట గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. ‘ఆరోజు డబ్బు సంగతి ఎత్తడం నాదే తప్పు నాన్నా.’ అక్కడ ఆపేయండి. ‘అయినా నీ మంచికే కదా’ అని చేర్చారంటే మళ్లీ మొదటికే వస్తుంది.

మీవారితో వాదన పెట్టుకోకండి. కాగితం అడుగున నాలుగు వేళ్ల చోటు వదిలి, పెన్ను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోండి. ఆయన సంతకం పెట్టి ఊరుకున్నా మంచిదే. ఏమీ రాయకపోతే ఆ ఖాళీ అలాగే ఉండనివ్వండి.

పోస్టులో వేయాలంటే ఐదు రూపాయల కవరు చాలు, 20 గ్రాముల దాకా వెళ్తుంది. మూడు తెల్లకాగితాలు హాయిగా పడతాయి. కార్డు ముక్క మాత్రం వద్దు, దారిలో అందరూ చదువుతారు. కొన్ని హాస్టళ్లలో పిల్లలకొచ్చిన కవర్లు విప్పి చూశాకే ఇస్తారు. కాబట్టి చూడ్డానికి వెళ్లే ఆదివారం మీరే చేతికివ్వడం నయం. తిరుగు జవాబు కోసం స్టాంపు అంటించిన కవరు పెట్టి ఇవ్వకండి, అదొక హోంవర్క్ అయి కూర్చుంటుంది. తర్వాతి ఫోన్లో ‘చదివావా, ఎలా ఉంది’ అని అడగొద్దు. ఇది మీకు కష్టమని తెలుసు. రెండు వారాలైనా వాడు ఆ ఊసెత్తకపోతే, ఎత్తలేదని బాధపడకుండా రెండో ఉత్తరం రాయండి.

ఉత్తరం రాసి ఊరుకోకూడని సందర్భం కూడా ఒకటుందమ్మా. నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని అన్నా, ‘నావల్ల కాదు’, ‘నేను లేకపోతేనే బాగుంటుంది’ లాంటి మాట ఒక్కటి నోట వచ్చినా, ఆదివారం దాకా ఆగొద్దు. ఆ రోజే బస్సెక్కి వెళ్లి ఎదురుగా కూర్చోండి, అవసరమైతే ఇంటికి తీసుకొచ్చేయండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీరూ చేయవచ్చు, వాడూ చేయవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి వాడిది అలకే అనిపిస్తోంది. అయినా ఈసారి వెళ్లినప్పుడు ముఖం ఒకసారి తేరిపార చూడండి.

ఎలాగూ వెళ్తూ సున్నుండలు పట్టుకెళ్తారు. ఉత్తరాన్ని ఆ డబ్బాలో పెట్టేటట్లయితే ముందు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. నెయ్యి అంటిందంటే సైకిల్ సంగతి సగం చెరిగిపోతుంది.