కరపత్రంలోని అంకెలూ సరుకెక్కిన పడవా

చిరంజీవి అనఘకు,

పెదనాన్న ఆశీస్సులు. సముద్రయానానికి తెరచాప పడవ కొంటున్నావని మీ నాన్న చెప్పగానే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన పట్టికలో నాలుగు పడవల నిష్పత్తులను పక్కపక్కన వేసి, మేలైన అంకె కనిపించిన చోటల్లా టిక్కు పెట్టావు. నా బెంగంతా ఆ టిక్కుల మీదే.

గరిష్ఠ వేగం సంగతి నీకు తెలిసిందే: వాటర్‌లైన్ (పడవ నీటిని తాకే గీత) పొడవు 30 అడుగులైతే దాని వర్గమూలాన్ని 1.34తో గుణించగా సుమారు 7.3 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) వస్తుంది. బల్లాస్ట్ (పడవ బోల్తా పడకుండా అడుగున పెట్టే బరువు) నిష్పత్తి ఆ బరువు ఎంతో చెబుతుంది, ఎంత లోతున ఉందో చెప్పదు.

ఇక తెరచాప వైశాల్యానికీ బరువుకూ ఉన్న నిష్పత్తి. నీ రెండో పడవ బరువు 15,000 పౌండ్లు. దాన్ని 64తో భాగిస్తే అది పక్కకు తోసే నీటి ఘనపరిమాణం ఘనపు అడుగుల్లో వస్తుంది. దాని ఘనమూలాన్ని వర్గం చేసి, ఆ సంఖ్యతో తెరచాప వైశాల్యాన్ని భాగించాలి. అమ్మేవాళ్లు 815 చదరపు అడుగులు వేసి 21.4 చూపించారు, నువ్వు మురిసిపోయావు. ఆ 815లో మాస్ట్ (తెరచాప స్తంభం) వెనక్కి కూడా పరుచుకునే పెద్ద జెనోవా (ముందు తెరచాప) మొత్తం కలిసి ఉంది. పెద్ద తెరచాప 320, మాస్ట్‌కూ పడవ ముక్కుకూ మధ్య త్రికోణం 330, కలిపి 650 మాత్రమే వేస్తే 17.1 వస్తుంది. పందెపు పడవ అనుకున్నది మామూలు ప్రయాణపు పడవగా తేలింది.

బరువు విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంటుంది. అది తెలియక, నేను సిబ్బందిగా పనిచేసిన ఒక పడవ యజమాని ఎన్ని అవస్థలు పడ్డాడో చూశాను. కరపత్రంలో రాసేది సాధారణంగా ఖాళీ పడవ బరువు. ఆయన దాన్నే నమ్మి నీళ్ల ట్యాంకులు నింపి, డీజిల్ పోసి, లంగరు గొలుసు, పనిముట్లు, డబ్బాల తిండి, చిన్న పడవ, దాని ఇంజను, అన్నీ ఎక్కించాడు. వాటర్‌లైన్ రంగు పట్టీ నీటిలో మునిగి, దాని పైన పచ్చగా పాచి పట్టసాగింది. ఆ మనిషి సరుకు దించే బదులు పడవను ఒడ్డుకెక్కించి పట్టీనే పైకి జరిపి రంగు వేయించాడు! ఆ తర్వాత సన్నగాలిలో ఆ పడవ కదిలేది కాదు. గాలి తీరం వైపు తోస్తున్న ఒక సాయంత్రం, తెరచాపలతో ఎదురుగాలికి ఎక్కలేక ఇంజను మీదే ప్రాణాలు పెట్టుకున్నాం. నీ పడవ మీద 3,000 పౌండ్ల సరుకు వేసి చూడు: 17.1 కాస్తా 15.1 అవుతుంది, పొడవుకు తగ్గ బరువు చెప్పే నిష్పత్తి 248 నుంచి 298కి పోయి పడవ బరువైన జాతి అంచుకు చేరుతుంది. పైగా నీటిలో ఉన్న ఒడలి ఉపరితలం ఎంతో ఈ రెండూ చెప్పవు. పొడవాటి కీల్ (అడుగున నీటిలోకి దిగే రెక్క) ఉన్న పడవ సన్నగాలిలో ఎందుకు ఈడ్చుకుంటుందో తెలియాలంటే పడవ ఆకారపు గీతలు చూడాలి.

అన్నింటికంటే నాకు కోపం తెప్పించింది, 1.87 పక్కన నువ్వు రాసిన ‘సురక్షితం’ అన్న మాట. 15 మంది పోటీదారులు చనిపోయిన 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెం తర్వాత వచ్చిన బోల్తా సూత్రం అది; వెడల్పును ఆ ఘనమూలంతోనే భాగించి, 2 కంటే తక్కువ ఉంటే మేలంటారు. సరుకు ఎక్కాక నీ పడవకు అది 1.76 అవుతుంది. అంటే ఆ బరువంతా మాస్ట్ కొనకు కట్టినా సూత్రం భేషంటుంది తల్లీ, ఎందుకంటే గురుత్వ కేంద్రం ఎత్తు అందులో లేనే లేదు. పడవల రూపకర్త టెడ్ బ్రూయర్ సరదాకు కల్పించిన సౌఖ్య నిష్పత్తీ (అలల మీద పడవ ఎంత నెమ్మదిగా ఊగుతుందో చెప్పేది) బరువు పెరిగితే పెరుగుతుంది. స్టెబిలిటీ కర్వ్ అడుగు. ఎంత ఒరిగేదాకా పడవ తనంతట తాను లేస్తుందో అందులో ఉంటుంది. దూర సముద్రానికి 120 డిగ్రీలైనా ఉండాలని నా పట్టు. ఇవ్వలేమంటే ఆ పడవను వదిలెయ్యి.

నువ్వు లెక్కల్లో దిట్టవని నాకు తెలుసు, అందుకే ఇంత కటువుగా రాశాను. ఎక్కించబోయే ప్రతి వస్తువు బరువూ, అది ఉండబోయే చోటూ రాసి, నాలుగు పడవలకూ త్రికోణపు వైశాల్యమే వేసి పట్టికను మళ్లీ పంపు. ఈమధ్యే కళ్లద్దాలు మార్చాను, దశాంశాలు బాగానే కనిపిస్తున్నాయి, కూర్చుని సరిచూస్తాను. అంతవరకు బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెదనాన్న