పాపా, ఫారంలో తప్పు పట్టేముందు ఇది చదువు

పాపా,

నిన్న రాత్రి నువ్వు పంపిన అడ్మిషన్ ఫారం లింక్ తెరిచి చూశాను. రంగులూ అవీ నాకన్నా నీకే బాగా తెలుసు, వాటి జోలికి పోను. కానీ పేరు గడిలో ఒక్క అక్షరం కొట్టానో లేదో, కింద ఎర్రగా "పేరు కనీసం 3 అక్షరాలు ఉండాలి" అని వచ్చేసింది. నేనింకా కొడుతూనే ఉన్నా కదమ్మా! ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే అడ్డం పడే మనిషి మన బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, ఎవరో నీకు తెలుసు. నీ ఫారం అచ్చం ఆయనలాగే ఉంది.

తప్పు ఏ క్షణాన చూపించాలో ముందు తేల్చుకో. గడిలో రాసి పక్క గడికి పోయినప్పుడు, అంటే బ్లర్ ఈవెంట్‌లో చూపించు. ఒకసారి ఎర్రది చూపించాక మాత్రం మనిషి దిద్దుకుంటున్నంతసేపూ ప్రతి అక్షరానికీ చెక్ చేసి, సరిపోయిన వెంటనే తీసేయాలి. ఫారాలు చెక్ చేసే లైబ్రరీ రియాక్ట్ హుక్ ఫామ్ వాడుతున్నానన్నావు, అది మామూలుగా సబ్మిట్ నొక్కేదాకా ఏమీ అనదు, మోడ్‌ను ఆన్‌చేంజ్ అని, అంటే ప్రతి అక్షరానికీ చెక్ చేసేలా, మార్చింది నువ్వే అయ్యుంటావు. ఆన్‌టచ్డ్ అని పెట్టు, నేను పైన చెప్పినట్టే గడి దాటాక మొదటిసారి చెక్ చేస్తుంది. ఖాళీ గడిని ఊరికే దాటిపోయినా తప్పంటుంది, అది నాకు రొంత నచ్చదు గానీ ఇప్పటిదానికన్నా వెయ్యి రెట్లు నయం. రంగులూ రూపమూ రాసే సీఎస్ఎస్‌లో కూడా ఇన్‌వాలిడ్ బదులు యూజర్-ఇన్‌వాలిడ్ అని రాయి, 2023 చివరి నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ పనిచేస్తోంది, ఫారం తెరవగానే గళ్ళన్నీ ఎర్రబడే పీడ ఉండదు.

ఇక అసలు సంగతి, మాటలు. ప్రోగ్రామింగ్‌లోకి రాకముందు కర్నూలు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపానని నీకు తెలుసు కదా. ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన బ్యాంకు పాస్‌బుక్ తెచ్చాడు, ఏదో దరఖాస్తు. అంతా నింపి సబ్మిట్ కొడితే "చెల్లని ఇన్‌పుట్" అని వచ్చింది. ఏ గడి అన్నది లేదు. పైగా పేజీ మళ్ళీ లోడై ఖాళీ అయిపోయింది. మళ్ళీ నింపాను, మళ్ళీ అదే. నాలుగోసారికి ఆయన "నాదేమన్నా తప్పా నాయనా?" అని అడిగాడు, నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి దొరికింది ఏమిటంటే, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది ఎప్పుడూ సున్నానే, మాసిపోయిన పాస్‌బుక్ ప్రింటులో అది ఇంగ్లీషు ఓ లాగా కనిపించి నేను ఓ కొడుతున్నాను. 11 అక్షరాల్లో ఒక్కటి! "ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా ఉండాలి, మీరు ఓ అక్షరం కొట్టారు" అని ఒక్క వాక్యం రాసుంటే అర నిమిషంలో అయిపోయేది. ఇంకా మాట్లాడితే ఆ వాక్యం కూడా అక్కర్లేదు, ఐదో స్థానంలో ఓ వస్తే సున్నాగా నువ్వే మార్చి చూపించొచ్చు, అక్కడ వేరేది రాదు కాబట్టి.

అందుకే ఎర్రర్ మెసేజ్ రాయబోయే ముందు అది అవసరమా అని చూడు. ఆధార్ కార్డు మీద 12 అంకెలూ నాలుగేసి చొప్పున ఖాళీ వదిలి అచ్చేస్తారు, జనం అలాగే కాపీ చేసి పెడతారు, ఖాళీలతో కలిపి 14 అవుతుంది. నువ్వు మ్యాక్స్‌లెంగ్త్, అంటే గడిలో పట్టే అక్షరాల పరిమితి, 12 అని పెట్టావు. పేస్ట్ చేసినప్పుడు చివరి రెండు అంకెలు చప్పుడు లేకుండా తెగిపోతాయి, ఆ తర్వాత నీ ఫారమే "12 అంకెలు ఉండాలి" అంటుంది. తెంపింది నువ్వు, తిట్లు వాళ్ళకు! ఆ పరిమితి తీసేసి ఖాళీలను నీ కోడ్‌లో తొలగించు. మొబైల్ నంబర్ ముందు ప్లస్ 91 పెట్టినా, సున్నా పెట్టినా అదే పద్ధతి. అవన్నీ తీశాక కూడా అంకెలు తగ్గితే అప్పుడు "9 అంకెలే ఉన్నాయి, ఇంకొకటి కావాలి" అని లెక్కతో చెప్పు.

పేరు గడిలో తెలుగులో రాస్తే ఒప్పుకోలేదు, ఏ అక్షరాలు ఒప్పుకోవాలో చెప్పే రెజెక్స్‌లో ఇంగ్లీషు ఏ నుంచి జెడ్ దాకా అని రాసినట్టున్నావు. తెలుగు ఫారం పెట్టి తెలుగు పేరు వద్దంటే ఎట్లా? అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అక్షరాల వర్గం ఎల్ ఒక్కటి పెట్టినా చాలదు, గుడులు, కొమ్ములు, పొల్లు ఇవన్నీ ఎం వర్గంలో ఉంటాయి, రెండూ కావాలి. చుక్క, ఖాళీ కూడా ఒప్పుకో, మన పేర్లలో ఇనిషియల్ లేనిదెవరికి? ఇంకో సంగతి, శ్రీ అనేది కంటికి ఒక్కటే, జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కలో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు. "20 అక్షరాలు మించింది" అని నువ్వంటే వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని నీకు లెక్కలు రావనుకుంటారు. పరిమితి ధారాళంగా పెట్టు.

నీ జిల్లా, పిన్‌కోడ్ పోలిక కూడా చూశాను. 518501, నంద్యాల జిల్లా అని పెడితే "పిన్‌కోడ్ జిల్లాకు సరిపోలలేదు" అంది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది తల్లీ, నీ పట్టిక అంతకు ముందుది. ఇట్లాంటి చోట దారి మూయకు, "ఒకసారి సరిచూసుకోండి" అని పసుపు రంగులో చెప్పి ముందుకు పోనివ్వు.

తేదీ గడి ఖాళీగా వదిలితే తెలుగు పేజీలో ఇంగ్లీషు బుడగ లేచింది చూశావా? గడి తప్పనిసరి అని చెప్పడానికి రిక్వైర్డ్ అని రాస్తే ఆ మాటలు బ్రౌజర్‌వి, అవి నీ పేజీ భాషను చూడవు, బ్రౌజర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తాయి. ఫారంకు నోవాలిడేట్ పెట్టి, బ్రౌజర్ చెకింగ్ ఆపేసి, అన్నీ నీ మాటల్లోనే గడి కింద చూపించడం మేలు. బ్రౌజర్ బుడగలోనే నీ మాటలు పెట్టే సెట్‌కస్టమ్‌వాలిడిటీ వాడతానంటే వాడు గానీ, తప్పు దిద్దాక అందులో ఖాళీ స్ట్రింగ్ పెట్టడం మరిచిపోకు, లేదంటే అంతా సరిగ్గా ఉన్నా ఫారం పోదు. నేనొకసారి అది మరిచి నాలుగు గంటలు సర్వర్‌లో తప్పు వెతికాను, ఎవరికీ చెప్పకు.

సబ్మిట్ కొట్టాక తప్పు పైన ఉండి బటన్ కింద ఉంటే, ఫోన్‌లో చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది, బటన్ పాడైందనుకుని పదిసార్లు నొక్కుతారు. మొదటి తప్పు గడికి ఫోకస్, అంటే కర్సర్‌ను, తీసుకుపో. గడికి ఏరియా-ఇన్‌వాలిడ్ ట్రూ అని, మెసేజ్ ఐడీని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైలో పెట్టు, కళ్ళు కనపడనివాళ్ళకు ఫోన్ తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ గడి పేరుతోపాటు తప్పునూ చదువుతుంది. ఎరుపు ఒక్కదాని మీద ఆధారపడకు, మన ఎండల్లో బయట నిలబడి ఫోన్ చూస్తే ఎరుపేదో నలుపేదో తెలియదు, ముందు ఒక గుర్తు, మాట ఉండాలి. లైన్ ఎత్తు కూడా పెంచు, నీ మెసేజ్‌లలో కింది వత్తులు సగం తెగి కనిపిస్తున్నాయి.

బ్రౌజర్‌లో ఎంత చెక్ చేసినా సర్వర్‌లోనూ చేయాల్సిందే, అది నీకు చెప్పక్కర్లేదు. అక్కడ తప్పు దొరికి పేజీ మళ్ళీ వచ్చినప్పుడు నింపినవన్నీ అట్లే ఉండాలి. ఫోటో గడిని మాత్రం మళ్ళీ నింపలేవు, బ్రౌజర్ ఒప్పుకోదు, అందుకని ఫోటో ఎంచుకోగానే విడిగా అప్‌లోడ్ చేసి పెట్టుకో.

ఆదివారం లోపల మార్చి లింక్ మళ్ళీ పంపు. మీ అత్త ఫోన్ అద్దం పగిలింది, ఛార్జింగ్ కూడా సరిగా నిలవదు, దాంట్లోనే ఆమె చేత నింపిస్తా.

మీ మామ