ఎయిర్ రైఫిల్ స్కోప్: టరెట్ ముట్టుకునే ముందు తల కదిపి చూడండి

నిన్న 20 మీటర్లకి జీరో చేసిన (గురి సరిచేసిన) ఎయిర్ రైఫిల్ ఇవాళ సెంటీమీటరు పక్కకి కొడుతోంది, స్కోప్ (పైన బిగించే గురి దుర్బిని) పాడైందా అని ఒకరు అడిగారు. ముందు పారలాక్స్ చూడండి, అంటే తల జరిపితే స్కోప్‌లోని గురి గీత టార్గెట్ మీద జారుతోందేమో. నాకూ ఇలాగే అయింది.

విశాఖలో నేను వెళ్లే రేంజ్‌లో రెండు ఆదివారాలు టరెట్లు (స్కోప్ గురిని జరిపే మరలు) తిప్పుతూనే గడిపాను. చివరికి కోచ్ గారు రైఫిల్‌ని ఇసుక సంచి మీద పెట్టించి, "పెల్లెట్ తీసెయ్. చెయ్యి తగలనివ్వకు, తల మాత్రం పైకీ కిందకీ జరుపు" అన్నారు. రైఫిల్ కదల్లేదు. ప్లస్ గీత మాత్రం నల్ల చుక్క మధ్యలోంచి అంచు దాకా పాకింది! ఆ చుక్క వెడల్పు 30.5 మిల్లీమీటర్లు.

ఆర్కే బీచ్‌లో నిలబడి, దూరంగా లంగరేసిన ఓడనీ దగ్గరి లైటు స్తంభాన్నీ ఒక వరసలో పెట్టుకుని తల జరపండి. స్తంభం ఓడ మీద జారుతుంది. ఇంటర్ ల్యాబ్‌లో పిన్నులు కలిపేటప్పుడు చూసిందీ ఇదే. స్కోప్‌లో టార్గెట్ ప్రతిబింబం రెటికల్ (ఆ ప్లస్ గీత) ఉన్న చోటే పడకపోతే గీత అలాగే జారుతుంది. నాది పారలాక్స్‌ని 100 గజాలకి సెట్ చేసి అమ్మిన స్కోప్, 40 మి.మీ. ఆబ్జెక్టివ్ (ముందు కటకం). కన్ను బాగా అంచుకి జరిగితే 20 మీటర్ల దగ్గర సుమారు 15 మి.మీ. తేడా వస్తుంది.

ముందు ఐపీస్ (కంటి వైపు కటకం) సరిచేయండి. తెల్ల గోడ వైపు ఒక్క క్షణం చూసి, గీతలు వెంటనే స్పష్టంగా కనపడేదాకా తిప్పాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుపోయి మోసం చేస్తుంది. తర్వాత పారలాక్స్ సరిచేసే నాబ్ తిప్పండి. దాని మీది అంకెల్ని నమ్మకండి. తల జరిపినా గీత జారని చోట ఆపండి.

నాబ్ లేని స్కోప్ అయితే చెంపే దిక్కు. కళ్లు మూసుకుని చెంప ఆనించి తెరవండి. ఒక పక్క నల్లటి నీడ కనిపిస్తే స్టాక్ (చెంప ఆనించే వెనక భాగం) ఎత్తు మీకు కుదరలేదన్నట్టు. నేను ఫోమ్ ముక్క అంటించి, పైన నూలు గుడ్డ చుట్టాను. మే నెల చెమటకి మన దగ్గర చెంప ఒక చోట నిలవదు, ఆ గుడ్డ లేకపోతే కష్టం.

ఇదంతా చేశాక కూడా గ్రూప్ (దెబ్బలు పడే చోటు) తిరుగుతుంటే స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు చూడండి. స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది, అవి త్వరగా వదులవుతాయి.