కాలిఫోర్నియా దీవిగా ఉన్న పాత మ్యాప్ కొనొచ్చా? అసలుదని ఎలా తేల్చుకోవాలి?

శాన్ హోసేలో ఉంటున్నానని, 1656 నాటి మ్యాప్ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపించిందని రాశారు. కొనొచ్చండి, కానీ ముందు వైపు ఫొటో ఒక్కటే చూసి డబ్బు కట్టొద్దు. వెనక వైపు ఫొటో, వెలుగుకి ఎదురుగా పట్టి తీసిన ఫొటో కూడా అడగండి. పంపనంటే వదిలేయండి.

ఆ కాలంలో రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా నింపి, తడిపిన కాగితం మీద ప్రెస్సులో గట్టిగా నొక్కేవాళ్లు. అందుకే బొమ్మ చుట్టూ కాస్త అవతలగా రేకు దిగబడిన గాడి ఉంటుంది. పది రెట్ల భూతద్దంలో గీత నిండుగా, చివర సన్నబడుతూ కనిపించాలి. రంగు చుక్కలు కనబడితే అది ఈ కాలపు మిషన్‌లో వేసిన ఆఫ్‌సెట్ ప్రింటే. గాడి ఒక్కటీ చూసి నమ్మొద్దు, నకళ్లకీ గాడి కొట్టేవాళ్లున్నారు.

కాగితం ఇంకా నమ్మకమైన సాక్షి. వెలుగుకి పడితే సుమారు రెండున్నర సెంటీమీటర్లకొక గీత, వాటికి అడ్డంగా ఒత్తుగా సన్నగీతలు కనిపించాలి. కాగితం తీసిన తీగల జల్లెడ అచ్చు అది. ఆ గీతల్లేని కాగితం 1750లకు ముందు యూరప్‌లో తయారు కాలేదు. కాబట్టి 1656 అని ఉండి గీతలు లేకపోతే తర్వాతెప్పుడో అచ్చేసిందే.

పచ్చరంగు చూడండి. అప్పటి పచ్చని రాగి చిలుముతో చేసేవాళ్లు, అది కాగితాన్ని తినేస్తూ వెనక్కి గోధుమ రంగు మరకగా దిగుతుంది. ముందు పచ్చ తళతళలాడుతూ వెనక తెల్లగా ఉంటే రంగు ఈమధ్య వేసి ఉండొచ్చు. అంతమాత్రాన మ్యాప్ నకిలీ కాదు, ధర మాత్రం తగ్గాలి. టీ నీళ్లతో పాతదనం తెప్పించినవి అంతటా ఒకేలా గోధుమ రంగులో ఉంటాయి. నిజంగా పాతబడినది అంచుల్లో, మధ్య మడత దగ్గర ఎక్కువ మాసి ఉంటుంది. ఆ మడత వెనక అట్లాసులో కుట్టిన పట్టీ జిగురు మరక ఉంటే మంచిదే. ఒక్క షీటు కోసం నిండు అట్లాసుల్ని విప్పి అమ్ముకోవడం మాత్రం ఘోరం, ఈ రోజుల్లోనూ జరుగుతోంది.

దీవి ఉత్తరపు అంచు తిన్నగా ఉంటే ఇంగ్లండ్‌కి చెందిన బ్రిగ్స్ 1625 పటాన్ని చూసి గీసింది, గండ్లు పడి వంపులు తిరిగితే ఫ్రెంచి పటకర్త సాన్సన్ 1656 పటాన్ని చూసి గీసింది. స్టాన్‌ఫర్డ్‌లో గ్లెన్ మెక్‌లాఫ్లిన్ సేకరించిన ఇలాంటి మ్యాపులు 700కు పైగా ఉన్నాయి. వాటి స్కాన్లు తెరిచి ఊళ్ల పేర్ల స్పెల్లింగుతో సహా మీ దానితో పోల్చుకోండి.

"అప్పట్లో వాళ్లకి తెలియక దీవిగా గీశారు" అని అమ్మేవాళ్లు రాస్తుంటారే, అది శుద్ధ తప్పు. 1539లోనే ఉయోవా అనే స్పెయిన్ నావికుడు కాలిఫోర్నియా సింధుశాఖ చివరిదాకా ఓడలో వెళ్లి, అవతల దారి లేదని చూశాడు. ఆర్టీలియస్, మెర్కేటర్ లాంటి పటకర్తలు ద్వీపకల్పంగానే గీశారు. తెలిసిన సంగతిని 17వ శతాబ్దంలో చెరిపేశారు. అసెన్సియోన్ అనే సన్యాసి దీవి అని రాశాడు, బ్రిగ్స్ దాన్ని లండన్‌లో అచ్చేయించాడు, సాన్సన్ లాంటి పెద్దవాడు గీశాక మిగతావాళ్లు అడగడమే మానేశారు.

దాన్ని మళ్లీ సరిచేసింది కీనో పాదిరి. ఆయన యూరప్‌లో ద్వీపకల్పమని చదువుకుని, ఇక్కడికొచ్చాక దీవి అని నమ్మినవాడే. 1699లో ఇప్పటి ఆరిజోనాలోని గిలా నది దగ్గర ఆదివాసులు ఆయనకి నీలి సముద్రపు చిప్పలిచ్చారు. అలాంటివి అంతకుముందు కాలిఫోర్నియా పసిఫిక్ ఒడ్డున మాత్రమే చూశాడు. కాలిఫోర్నియా దీవే అయితే, సముద్రం దాటకుండా అవి ఇంత లోపలికి ఎలా వచ్చాయి? 1701లో తెప్ప మీద బుట్టలో కూర్చుని, ఈతగాళ్లు నెట్టుతుండగా కొలరాడో నది దాటాడు. అవతల ఉన్నది నేలే. ఆయన పటం 1705లో పారిస్‌లో అచ్చయింది. అయినా హెర్మన్ మోల్ లాంటి పటకర్తలు దీవినే గీస్తూ పోయారు. చివరికి 1747లో స్పెయిన్ రాజు ఆరో ఫెర్నాండో అది దీవి కాదని ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది.

మ్యాప్ మీద సంవత్సరం ఉన్నా, అదే రాగిరేకుతో తర్వాత కూడా అచ్చేసి ఉండొచ్చు. కింద ప్రచురణకర్త పేరు, చిరునామా చూడండి. రేకు చేతులు మారినప్పుడు సాధారణంగా ముందు మార్చేది ఆ వరుసే.