హద్దులు రాయని వివరణ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

మీ పత్రాల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పని చేసే టూళ్ల కోసం రాసి, విజయవాడ నుంచి నువ్వు పంపిన పద్నాలుగు వివరణలూ రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, అచ్చుతప్పు ఒక్కటీ లేదు. అయినా వీటిని ఇలాగే ఏజెంట్‌కు, అంటే మనిషి చెప్పిన పనికి తగిన టూల్‌ను తానే ఎంచుకుని పిలిచే ఏఐ ప్రోగ్రామ్‌కు, అప్పగించవద్దు.

మీ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు చదువుతారనుకుని రాశావు. ఏజెంట్‌కు మీ తెర కనిపించదు, మెనూ కనిపించదు. దాని ముందు ఉండేవి టూల్ పేరు, నువ్వు రాసిన నాలుగు మాటలు, పారామీటర్ల (టూల్‌కు ఇవ్వాల్సిన వివరాల) పట్టిక. పని చెప్పగానే ఏ టూల్‌ను పిలవాలో వాటిని బట్టే తేల్చుకుంటుంది. సందేహం వస్తే పక్క కుర్చీలోని పెద్దాయన్ని అడిగి తెలుసుకునే గుమాస్తా కాదు అది. చాలాసార్లు దానికి సందేహమే రాదు.

"పత్రాన్ని అప్‌డేట్ చేస్తుంది" అని రాశావు. ఒక అద్దె ఒప్పందం ఉందనుకో. కరెంటు బిల్లు అద్దెకున్నవారే కట్టాలనే షరతు చేర్చమని ఇంటి యజమాని అడిగాడు. ఏజెంట్ ఆ ఒక్క షరతునే టూల్‌కు పంపింది. మీ టూల్ పాతదంతా తీసేసి కొత్తది పెట్టే రకమైతే, ఒప్పందంలో ఇక మిగిలేది కరెంటు బిల్లే. నువ్వు రాయవలసింది ఇలా ఉండాలి: "పత్రంలో ఉన్నదంతా తీసివేసి, పంపిన పాఠాన్ని ఆ స్థానంలో పెడుతుంది. కొంత భాగమే మార్చాలంటే ముందు రీడ్ టూల్‌తో పత్రమంతా చదివి, మార్పు కలిపిన పూర్తి పాఠాన్ని పంపాలి. చివర చేర్చడానికి మాత్రం అపెండ్ టూల్ వాడాలి." పొడవైందని జంకకు. "శక్తిమంతమైన", "సులభమైన" లాంటి మాటలు కొట్టేస్తే చోటు అదే దొరుకుతుంది. ప్రతి వివరణా ఏజెంట్ చదివే పాఠంలో భాగమే కాబట్టి, పనికిరాని మాట అక్కడ నిజంగానే బరువు.

మీ తాతగారు దస్తావేజు లేఖరి అని నీకు తెలుసు కదా. అమ్మకం కాగితంలో ఎంత రాసినా, షెడ్యూలులో నాలుగు హద్దులూ పూర్తయ్యేదాకా ఆయన కలం కింద పెట్టేవారు కాదు. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన లేని దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తీసుకోకూడదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. నీ సెర్చ్ టూలూ లిస్ట్ టూలూ పక్కపక్క స్థలాలు. మధ్య గట్టు ఎక్కడుందో నువ్వు రాయలేదు. సెర్చ్ పత్రాల పేర్లలోనే వెతుకుతుందా, లోపలి పాఠంలో కూడానా? స్కాన్ చేసిన పాత దస్తావేజు ఒక బొమ్మ. అందులోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించి పాఠంగా మార్చేదాకా లోపలి మాట ఏదీ వెతుకులాటకు దొరకదు. ఈ సంగతి రాయకపోతే "అలాంటి పత్రం లేదు" అని ఏజెంట్ గట్టిగా చెప్పేస్తుంది. కాగితం పెట్టెలోనే ఉంటుంది, మనిషి మాత్రం పోయిందనుకుని తిరుగుతుంటాడు. ఒకసారికి ఇరవై ఫలితాలే ఇచ్చి ఆగుతుందా? అదీ రాయి, మిగతావి ఎలా తెప్పించుకోవాలో కూడా రాయి.

పారామీటర్లలో "దస్తావేజు నంబర్" అని వదిలేశావు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వరుస సంఖ్యలు ఏటా కొత్తగా మొదలవుతాయి. 1250 అంటే ఏ కార్యాలయంలో, ఏ ఏడాదిది? మూడూ కలిస్తేనే పత్రం తేలుతుంది, కాబట్టి మూడూ అడుగు. విస్తీర్ణం సెంట్లలోనా, గజాలలోనా? ఐదు సెంట్లంటే 242 గజాలు. తేదీ 04-05-2024 అంటే మే నెలా, ఏప్రిలా? "సంవత్సరం-నెల-రోజు, 2024-05-04 లాగా" అని ఉదాహరణతో రాయి.

టూల్ పేర్లు బాగున్నాయి, వాటిని కదిలించకు.

తిరగరాశాక, మీ ఆఫీసులో మనుషులు నిజంగా అడిగే కోరికలు ఓ ముప్పై పోగుచెయ్యి. "నిరుడు కొన్న స్థలం కాగితాలు తీయి" లాంటివి, వాళ్ల మాటల్లోనే. ఏజెంట్ ఏ టూల్‌ను పిలిచిందో ఒక్కొక్కటే చూడు. తప్పు పిలిచినచోట ఆ రెండు వివరణలనూ పక్కపక్కన పెట్టి చదువు. తేడా నీకే తెలియడం లేదంటే తిరగరాయాల్సింది అక్కడే.

ఇక డిలీట్ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాఫ్ట్‌వేర్ గైడులో "ఫైలును తొలగిస్తుంది" అని రాసి ఊరుకున్నాను. తిరిగి తెచ్చుకోవచ్చా అని ఎవరినీ అడగలేదు. ఒక గుమాస్తా మూడేళ్ల రసీదులు పోగొట్టుకుని, మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే నీ డిలీట్ వివరణ ముందు పంపు. ఫైలు ట్రాష్‌లోకి వెళ్తుందా, శాశ్వతంగా పోతుందా, ట్రాష్‌లో ఎన్ని రోజులుంటుంది, ఫోల్డర్‌ను తొలగిస్తే లోపలివీ పోతాయా, పిలిచే ముందు వాడే మనిషి అనుమతి తీసుకోవాలా — ఇవన్నీ మీ ఇంజినీర్‌ను అడిగి, ఆయన జవాబు నీ ఊహతో కలపకుండా రాయి. శనివారం లోపు అందితే ఆదివారం కూర్చుని చూస్తాను.

అన్నయ్యకూ వదినకూ నా నమస్కారాలు చెప్పు.

మీ బాబాయి