బుజ్జిగాడి కడుపు కుదుటపడాలంటే

బిడ్డా,

నువ్వు పంపిన సంగతులన్నీ చదివాను. బుజ్జిగాడు ఆరు కిలోల కుక్క, షెల్టర్‌వాళ్ల లెక్కన రెండేళ్ల వయసు, మీ ఇంటికొచ్చి పది రోజులు. వచ్చినప్పటినుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పల్చగా మోషన్. మధ్యలో రెండు పొద్దుట్లు పసుపు నురగ కక్కింది. అయినా ఆడుకుంటోంది, గిన్నె పెడితే నాకేస్తోంది అన్నావు. ఆ చివరి మాట లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు, ముందు ఆటో ఎక్కమని ఫోన్ చేసేదాన్ని.

ఈ పది రోజుల్లో అది ఏమేం తిందో కూడా రాశావు, మాటవరసకు రాసినట్టు. పాలు-బ్రెడ్, గ్లూకోజ్ బిస్కెట్లు, రెండు కంపెనీల ప్యాకెట్ తిండి, పెరుగన్నం, ఆదివారం బిర్యానీ ముక్కలు. సగం జబ్బు అక్కడే కనిపిస్తోంది. కుక్క పేగుల్లోని సూక్ష్మజీవులు ఒక తిండికి అలవాటు పడడానికి రోజులు పడుతుంది. పూటకొకటి మారిస్తే దేన్నీ సరిగ్గా అరిగించుకోలేవు. పైగా కొత్త ఇల్లు, కొత్త మనుషులు, లిఫ్ట్ చప్పుడు. ఆ బెదురుకే కొన్నిటికి మోషన్స్ పట్టుకుంటాయి. మీరంతా ప్రేమతోనే పెట్టారు, కాదనను. కానీ దాని కడుపుకు ఇప్పుడు కావాల్సింది ప్రేమ కాదు, విసుగుపుట్టేంత ఒకే రకం తిండి.

వంట మొదలుపెట్టేముందు మలం పరీక్ష చేయించు. పది రోజులైంది కాబట్టి ఇది తప్పదు. వీధి నుంచి వచ్చిన కుక్క కడుపులో నులిపురుగులో, కొంకి పురుగులో, జియార్డియా అనే కంటికి కనిపించని పరాన్నజీవో ఉంటే నువ్వు ఎంత పథ్యం పెట్టినా నాలుగు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున వేసిన తాజా మలం, చెంచాడు చాలు, మట్టీ గడ్డీ అంటకుండా మూత డబ్బాలో తీసుకో. రెండు మూడు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖాన ఉంది, మీకు దగ్గర్లో ల్యాబ్ ఉన్న క్లినిక్ ఉన్నా సరే. జియార్డియా కూడా చూడమని నోరు తెరిచి అడుగు. అది రోజూ మలంలో పడదు, ఒక్కసారి చూసి లేదంటే లేనట్టు కాదు. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు చూస్తేనే నమ్మకం.

షెల్టర్‌లో పురుగుల మందు వేశారని రాశావు. మందు పేరూ తేదీ అడిగి డాక్టరుకు చెప్పు. ఒక్క డోసుతో పని అయిపోదు. అప్పటికి పేగులోకి చేరని పిల్ల పురుగులు మందుకు దొరకవు, రెండు మూడు వారాలకు అవే పెద్దవవుతాయి. అందుకే రెండో డోసు. ఇక్కడ దొరికే బిళ్లలు చాలావరకు పది కిలోలకు ఒకటి లెక్క, నీ కుక్క ఆరు కిలోలు, కాబట్టి బరువు తూచాకే డోసు. నువ్వు కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడు, తర్వాత ఒక్కదానివే నిలబడు, తేడా దాని బరువు. తోక కింద బియ్యం గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అది బద్దె పురుగు. అది గోమార్ల వల్ల కాదు, బొచ్చులో తిరిగే చిన్న గెంతుడు పురుగులను కుక్క నోటితో పట్టి మింగినప్పుడు వస్తుంది. ఒంటి మీది పురుగులు పోకపోతే కడుపులోది పోయినా మళ్లీ వస్తుంది.

ఇప్పుడు వంట. దీని గురించి వివరంగానే రాస్తాను, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

రోజు మొత్తానికి 45 గ్రాముల బియ్యం, 85 గ్రాముల పచ్చి చికెన్. మీరు వండుకునే సోనా మసూరి చాలు, దంపుడు బియ్యం ఇప్పుడు వద్దు. చికెన్ షాపులో స్కిన్‌లెస్, బోన్‌లెస్, బ్రెస్ట్ ముక్క అని మూడూ చెప్పి తీసుకో. లెగ్ ముక్కలో కొవ్వు ఎక్కువ. వండకముందే తూచమనడానికి కారణం ఉంది. అన్నం ఒక రోజు గట్టిగా, ఒక రోజు జావలా వస్తుంది, ఉడికాక తూస్తే సగం నీళ్లే తూచినట్టు. ఈ రెండూ కలిపి సుమారు 260 కేలరీలు, ఆరు కిలోల కుక్క కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సినంత. మామూలు రోజుల్లో దానికి 400 దాకా కావాలి. తక్కువ పెడుతున్నానే అని మనసు పీకుతుంది, నాలుగు రోజులకు ఏమీ కాదు.

చికెన్‌ను మంచినీళ్లలో వేసి లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడికించి, చేత్తో పీచులా విడదీయి. ఉప్పు లేదు, నూనె లేదు, అల్లం-ఎల్లిగడ్డ లేదు, చిటికెడు పసుపు కూడా లేదు. పసుపు మంచిదే కదా అని మీ అత్తమ్మ అంటారు. విషమేమీ కాదు, కానీ ఒకే రకం అని మొదలుపెట్టినప్పుడు అదీ ఇంకో రకమే. అన్నం కుక్కర్‌లో ఒకటికి ఐదింతల నీళ్లు పోసి రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి మెత్తగా మెదుపు. చికెన్ ఉడికిన నీళ్లు పారబోయకు. ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన తెల్లగా పేరుకుంటుంది, దాన్ని గీరి తీసేసి కింది నీళ్లు అన్నంలో కలుపు. నీళ్లు తాగని కుక్క కూడా ఆ వాసనకు తాగుతుంది.

కలిపినదాన్ని మొదటి రోజు ఆరు భాగాలు చేయి, మూడు గంటలకొకటి. రెండో రోజు ఐదు, మూడో రోజు నాలుగు. మలం గట్టిపడుతుంటే మెల్లగా పెంచుతూ 70 గ్రాముల బియ్యం, 130 గ్రాముల చికెన్ దాకా వెళ్లు, అది దాని పూర్తి కడుపు. ఆఖరి భాగం రాత్రి పదిన్నరకు పెట్టు. పొద్దున్నే వచ్చే పసుపు నురగ చాలావరకు ఖాళీ కడుపులోకి పైత్యం ఎగదన్నడం వల్లే. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఎనిమిదిదాకా ఖాళీగా ఉంటే చిన్న కుక్కకు అది ఎక్కువ వ్యవధి. పడుకునేముందు నాలుగు ముద్దలు పడితే చాలాసార్లు అదే ఆగిపోతుంది.

గిన్నె పెట్టగానే ఊపిరాడకుండా మింగేస్తోందన్నావు. వీధిలో పోటీపడి తిన్న కుక్కకు ఆ భయం వెంటనే పోదు. దానికోసం ప్రత్యేకం గిన్నె కొనకు, పాత ఇడ్లీ ప్లేటు ఒకటి ఇచ్చేయి. గుంటల్లో పల్చగా పాముతే నాకి నాకి తినాలి.

శనివారం మీ ఇంట్లో నీసు వండరు కదా. శుక్రవారమే ఉడికించి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టడానికి ఇంట్లో ఒప్పుకుంటే అలాగే చేయి, రెండు రోజులు నిలవ ఉంటుంది. ఒప్పుకోకపోతే మొదటినుంచీ చికెన్ వదిలేసి పన్నీర్‌తో మొదలుపెట్టు. వెన్న తీసిన పాలు ఇంట్లో విరగ్గొట్టి, నీళ్లు బాగా పిండేసినది, ఉప్పు లేకుండా. పాలల్లో ఉండే, కుక్కకు పడని చక్కెర చాలావరకు ఆ విరుగు నీళ్లతో పోతుంది. ఏదైనా సరే, వారం పొడుగునా నడిచేదాన్నే ఎంచుకో. మధ్యలో ఒక రోజు మారిస్తే లెక్క మళ్లీ మొదలు.

పాలు పూర్తిగా బంద్. పెద్ద కుక్కల్లో పాల చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, పులిసి గ్యాస్ అవుతుంది. పల్చటి మోషన్‌కు పాలు-బ్రెడ్ పెట్టడమంటే నిప్పుకు కిరోసిన్. పెరుగు మూడో రోజు తర్వాత ఒకటి రెండు చెంచాలు, పడితేనే. తియ్య గుమ్మడి ఉడికించి మెదిపి భాగానికి ఒక చెంచా కలపొచ్చు, దాని పీచు నీటిని పట్టి ఉంచుతుంది. మంచిదన్నారని నాలుగు చెంచాలు వేస్తే మళ్లీ పల్చబడుతుంది.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, మీరు తాగే ఫిల్టర్ నీళ్లే. ట్యాంకర్ నీళ్లు బకెట్‌లోంచి తాగనివ్వకు. ఆరు కిలోలకు తిండిలో ఉన్నది కలుపుకుని రోజుకు 300 నుంచి 350 మిల్లీలీటర్లు కావాలి, మోషన్స్ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. కక్కుతున్నప్పుడు మాత్రం గిన్నె నిండా పెడితే గటగటా తాగి అదీ కక్కేస్తుంది. పావుగంటకు రెండు చెంచాలు చొప్పున ఇవ్వు.

మెడికల్ షాపు మాట వినకు. మనుషులకిచ్చే మోషన్ ఆపే బిళ్ల పేగును కదలకుండా చేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అదీ లోపలే ఉండిపోతుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మన దగ్గర అడగ్గానే ఇచ్చేస్తారు, అది అక్కరలేని చోట వాడితే మంచి సూక్ష్మజీవులనూ ఊడ్చేస్తుంది. డాక్టరు రాస్తేనే. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ అయితే కుక్కకు విషమే, జ్వరమనిపించినా ముట్టుకోవద్దు.

జ్వరం అన్నాను కాబట్టి చెప్తున్నా, కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మన లెక్కతో చూసి కంగారుపడకు. డిజిటల్ థర్మామీటర్ మొనకు వాజలైన్ రాసి తోక కింద చూడాలి, దానికో థర్మామీటర్ విడిగా పెట్టుకో. రోజుకు రెండుసార్లు పెదవి ఎత్తి చిగురు చూడు. గులాబీగా, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. చిగురు జిగురుగా ఉన్నా, మెడ దగ్గర చర్మం పట్టి లాగితే వెంటనే సర్దుకోకపోయినా ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట.

103 దాటిందా, చిగుళ్లు పాలిపోయాయా, తిండి మీద ధ్యాస లేదా, అప్పుడు ఇది కడుపు సంగతి కాకపోవచ్చు. మన హైదరాబాద్‌లో గోమార్ల జ్వరం మామూలే, రక్త పరీక్ష చేస్తేనే తేలుతుంది. గంటల్లోనే పదే పదే కక్కడం, నీళ్లు కూడా నిలవకపోవడం, మలం తారులా నల్లగా ఉండడం, ఎర్ర రక్తం చారలుగా కాక ధారగా పడడం, ముందు కాళ్లు చాచి వెనక భాగం ఎత్తి దండం పెట్టినట్టు వంగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పథ్యం పక్కన పెట్టి ఆ గంటే దవాఖానకు. ఆ దండం భంగిమ కడుపునొప్పికి గుర్తు, కొవ్వు తిండి తిన్న ఒకటి రెండు రోజులకు వస్తే క్లోమం వాచిందేమోనని అనుమానించాలి. టీకాలు పడని చిన్న కుక్కపిల్ల అయితే ఈ ఉత్తరంలోని పథ్యమేదీ వర్తించదు, పార్వో అనే వైరస్ జబ్బు ఒక్క రోజులో ప్రాణం మీదికి తెస్తుంది. నీది రెండేళ్లది, అయినా టీకాల కార్డు అడిగి పెట్టుకో.

మలం ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయి, డాక్టరు మొదట అడిగేది అదే. తక్కువసార్లు, ఎక్కువెక్కువగా వస్తూ బరువు తగ్గుతుంటే చిన్న పేగు. కొంచెం కొంచెంగా, పదే పదే, ముక్కుతూ, జిగటతో వస్తుంటే పెద్ద పేగు. నీ మాటలను బట్టి బుజ్జిగాడిది రెండోదిలా ఉంది. ఎత్తేటప్పుడు నేలకు అంటకుండా వస్తే కుదిరినట్టు.

అసలు ప్రమాదం నాలుగో రోజున. మలం గట్టిపడుతుంది, కుక్క హుషారుగా గెంతుతుంది, పాపం రోజూ చప్పిడి తిండే అని అల్లుడు కోడికూరలోంచి ఒక ముక్క వేస్తాడు. తెల్లారి మళ్లీ పల్చగా. తిరగబెట్టింది అంటారు గానీ, తిరగబెట్టలేదు, మనమే తెచ్చాం. ఆ కూరలో ఉల్లిగడ్డ ఉంటుంది, అది కుక్కకు రక్తకణాలను పగలగొట్టే విషం, ఉడికినా వేగినా ఆ విషం పోదు. బిర్యానీ మీది వేయించిన ఉల్లిగడ్డ కూడా అంతే. ఎల్లిగడ్డ, ద్రాక్ష, పాయసంలో, షీర్ కుర్మాలో వేసే కిస్‌మిస్, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్, ఇవేవీ ఎప్పటికీ వద్దు. ఉడికిన కోడి ఎముక సూదిలా చీలుతుంది.

గట్టి మలం వరసగా రెండు రోజులు చూశాకే ప్యాకెట్ తిండి మొదలుపెట్టు. రెండు కంపెనీల్లో ఒకటి పక్కింటివాళ్లకు ఇచ్చేయి. మూడు రోజులు ముప్పావు పథ్యం, పావు ప్యాకెట్. మూడు రోజులు సగం సగం. మూడు రోజులు ముప్పావు ప్యాకెట్. పదో రోజుకు పూర్తిగా. మధ్యలో పల్చబడితే వెనక మెట్టుకు వెళ్లి రెండు రోజులు ఆగు. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఎన్ని కేలరీలో చూడు. 360 ఉంటే దీనికి రోజుకు 110 గ్రాముల దగ్గర సరిపోతుంది, గ్లాసుతో కాదు, తూకంతో. చికెన్-అన్నం దీనికి ఇష్టం కదా, అదే పెడతాననకు. బోన్‌లెస్ మాంసంలో క్యాల్షియం లేనట్టే, నెలల తరబడి పెడితే ఎముకలు బలహీనపడతాయి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే డాక్టరుతో కూర్చుని లెక్క రాయించుకో.

ఇలా చేసినా మూడు వారాలు దాటి సాగుతుంటే అది తిండి పడకపోవడం కావచ్చు. అప్పుడు ఇంతవరకు తినని మాంసంతో చేసిన తిండి ఒక్కటే పెట్టి చూస్తారు, దానికి ఓపిక కావాలి.

ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఒక లెక్క చెప్పు. ఒక గ్లూకోజ్ బిస్కెట్ 20, 25 కేలరీలు. నాలుగు పెడితే బుజ్జిగాడికి ఒక రోజు తిండిలో పావు వంతు. అది మీ అత్తమ్మకు భోజనం మధ్యలో ఇంకో పళ్లెం అన్నం పెట్టినట్టు. లంచంగా ఏదో ఒకటి పెట్టాల్సిందే అంటే, దాని చికెన్‌లోంచే నాలుగు పీచులు తీసి పక్కన పెట్టి అవి ఇవ్వమను. కింద వాచ్‌మన్‌కు కూడా చెప్పు, వాకింగ్‌లో జేబులోంచి బిస్కెట్ తీసేది ఆయనే.

మలం ఎత్తాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ పురుగుల్లో కొన్ని మనుషులకూ వస్తాయి, మీ ఇంట్లో పాకే పిల్ల ఉంది. జియార్డియా తేలితే మందు ఆఖరి రోజున వెనక భాగం బాగా రుద్ది స్నానం చేయించి, పడక గుడ్డలు వేడి నీళ్లలో ఉతుకు. లేకపోతే బొచ్చుకు అంటుకున్నదే నాకి మళ్లీ తెచ్చుకుంటుంది.

శాంపిల్ డబ్బా రాత్రే కడిగి ఆరబెట్టుకో. రిపోర్ట్ రాగానే ఫోటో తీసి పంపు, ఫోన్‌లో చదివి వినిపించకు, అంకెలు తప్పుతాయి.

మీ పెద్దమ్మ