పాత పేపర్లలో ఆజంజాహి మిల్లును వెతకాలంటే

బిడ్డా,

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మీద ప్రాజెక్టు రాస్తున్నావట, గూగుల్‌లో ఎంత కొట్టినా తిరిగి తిరిగి అవే నాలుగు ముక్కలు వస్తున్నాయట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాత పేపర్లు, పత్రికలు చాలామటుకు చందా కట్టిన లైబ్రరీలకే తెరుచుకుంటాయి, గూగుల్‌లో ఎట్లా దొరుకుతాయి? మీ కాలేజీ లైబ్రేరియన్ దగ్గరికి పో. కాలేజీ ఎన్‌-లిస్ట్‌లో ఉంటే (కాలేజీలకు ఆన్‌లైన్ పత్రికలు, పుస్తకాలు అందించే పథకం అది) నీ పేరు మీద యూజర్ ఐడీ ఇప్పిస్తారు, ఇంట్లో కూర్చుని కూడా చూసుకోవచ్చు. పత్రికలు వెతికే డేటాబేసులు ఇంకా ఏమేం తీసుకున్నారో అప్పుడే అడుగు. అడగనిదే చెప్పేవాళ్లు తక్కువ.

లాగిన్ అయ్యాక అసలు కష్టం మాటల దగ్గర వస్తది. డేటాబేసుకు నీ మనసులో మాట తెలువది, ఆ రోజు పేపర్లో అచ్చయిన మాటే తెలుసు. మిల్లు పేరును ఇంగ్లిష్‌లో ఒకరు ఒకే మాటగా రాస్తే ఇంకొకరు రెండు మాటలుగా రాశారు. అన్ని రూపాలూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి మధ్యన ‘ఆర్’ రాయి. ‘అండ్’ పెడితే రెండు మాటలూ ఉన్నవే వస్తాయి. వీవర్ అన్న మాటలో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే వీవర్స్, వీవింగ్ అన్నీ పడతాయి.

జిల్లా పేర్లతో ఇంకా చిక్కు. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసిన నాడు అది వరంగల్ రూరల్ జిల్లా. 2021 ఆగస్టులో ఆ జిల్లా వరంగల్ అయింది, అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. 2016కు ముందు అంతా ఒక్కటే వరంగల్. ఏ ఏడాది వార్త కావాలో ఆ ఏటి పేరుతోనే వెతకాలె. హనుమకొండ స్పెల్లింగుల సంగతి నీకు తెలిసిందే, బస్సు బోర్డుకో తీరు.

‘ఫుల్ టెక్స్ట్’ గడిలో మొదట్లోనే టిక్ పెట్టకు. వ్యాసం మొత్తం లేకున్నా అది ఫలానా సంచికలో ఉందని తెలిస్తే చాలు, కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉంటే (లైబ్రరీలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు అది) కాపీ అడిగించవచ్చు. సారాంశం ఒక్కటే చదివి వ్యాసం చదివినట్టు మాత్రం రాయకు, గైడ్‌కు ఇట్టే తెలిసిపోతది.

పేపర్ ఏం జరిగిందో చెప్తది. ఎందుకు జరిగిందో కావాలంటే వారపత్రికలు చూడాలె. పాత పత్రికల డేటాబేసు జేస్టోర్ అందుబాటులో ఉంటే ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) 1966లో మొదలైనప్పటి నుంచి దొరుకుతది, మరీ కొత్త సంచికలు తప్ప.

తెలుగు పేపర్ల దారి వేరు. ఈ డేటాబేసుల్లో అవి అరుదు. స్కాన్ చేసి పెట్టినవాటిలో కూడా మాట కొట్టి వెతకడం సాగదు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పాల్సిందే. అందుకే ముందు ఇంగ్లిష్ పేపర్లో తేదీ పట్టు, తర్వాత ఆ రోజువీ, ఆ తర్వాతి రెండు మూడు రోజులవీ తెలుగు పేపర్లు చూడు. మిల్లు పెట్టింది 1934లో. అప్పటి సంగతులకు 1926లో మొదలైన గోలకొండ పత్రిక వెతకాలె. ఇనుగుర్తి నుంచి 1922లోనే తెనుగు పత్రిక వచ్చింది, మన పక్క ఊరి పేపర్, కానీ మిల్లు కన్నా ముందటిది. హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయంలో కూడా పాత సంచికలు ఏమున్నాయో జర కనుక్కో. అది 1904 నాటిది.

దొరికిన ప్రతి దానికీ పేపర్ పేరు, తేదీ, పేజీ, ఎడిషన్ అక్కడికక్కడే రాసుకో. జిల్లా పేజీల్లో పడ్డ వార్త హైదరాబాద్ ఎడిషన్‌లో ఉండదు. పైన కనిపించే అడ్రస్ కాపీ చేస్తే రేపటికి తెరుచుకోకపోవచ్చు, పర్మాలింక్ (మారకుండా ఉండే అడ్రస్) అని ఉంటే అదే తీసుకో, పీడీఎఫ్ దించి పెట్టుకో. దసరా సెలవులకు లైబ్రరీ మూసేలోపే లాగిన్ సంగతి తేల్చుకో.

మీ పెద్దబాపు